నల్లమడి పథకం

ఏం చూశారో సూటిగా చెప్పండి. ఒక పెద్ద అడవిలో, కొండ కింద, ఒక మడి నిండా పచ్చటి చిలగడదుంప తీగ. పక్కనే నల్లగా, ఖాళీగా ఇంకో మడి. ఏది బాగుంది? పచ్చటిదన్నారా? అయితే మీరు తనిఖీ అధికారిగా పనికిరారు.

ఆ పచ్చమడి ఏదుపంది పోలమ్మది. అది నీళ్ళు నిలవని గులకనేల. మూడేళ్ళు పస్తులుండి నేర్చుకుంది పోలమ్మ. కార్చిచ్చులో మిగిలిన బొగ్గు ఏరి, నలగ్గొట్టి, నెల్లాళ్ళు పేడనీళ్ళలో నానబెట్టి మట్టిలో కలిపింది. దుంప ఊరింది. ఈనబోయే కూతురికి వానాకాలమంతా అదే తిండి.

ప్రెసిడెంటు ఎలుగుబంటి ఒక దుంప కొరికాడు. "భేష్! దీన్ని పథకం చేసెయ్యండి."

కార్యదర్శి నక్క వచ్చాడు. "ఏం కలిపావే అవ్వా?"

"బొగ్గు. కానీ నానబెట్టాలి నాయనా. నానని బొగ్గు ఆకలిగొట్టుది. మట్టిలో సారం ముందు అదే మింగేస్తుంది."

"నెల్లాళ్ళా? శుక్రవారం తనిఖీ పెట్టుకుని! నానిందో లేదో కొండమీంచి ఎవడికి కనపడుద్ది? నలుపైతే కనపడుద్ది."

బొగ్గు చాలక నిలువుచెట్లు కాల్చారు. అడవిలోని మిగతా మడులన్నిటికీ పది తట్టల చొప్పున కుమ్మరించారు. శుక్రవారం ఎలుగుబంటి కొండెక్కి చూస్తే అన్నీ నల్లగా నిగనిగలాడుతున్నాయి, ఒక్కటి తప్ప.

"ఆ పచ్చగా ఏడ్చింది ఎవరిది?"

"పోలమ్మది సార్. పథకం అమలు చెయ్యలేదు."

"ఆకుల కిందుంది బొగ్గు! దిగొచ్చి చూసి చావండి!" పోలమ్మ ముళ్ళు లేచాయి.

"కిందున్నది రికార్డుకెక్కదు అవ్వా." నక్క అడవిపందుల చేత తీగంతా పెకలించి, పది తట్టలు పోయించాడు.

వానలు పడ్డాయి. మడిమడికీ మొలకలు పసుపెక్కి పడిపోయాయి. పోలమ్మ కూతురు పస్తుల్లోనే ఈనింది. రెండు పిల్లల్లో ఒకటే దక్కింది.

విచారణ సంఘం ఏడాది కూర్చుని తేల్చింది: బొగ్గు విషం, చెప్పింది పోలమ్మ, కనుక మడుల్లోని బొగ్గంతా ఆవిడే ఏరిపారెయ్యాలి.

"అయ్యా, ఏడాదిపాటు పేడా వానా తాగి దాని ఆకలి ఇప్పుడే తీరింది. ఇక పెట్టడం మొదలెడుతుంది. ముట్టుకోకండి!" అని మొత్తుకుంది పోలమ్మ.

"తీసివేత పథకం మంజూరైపోయిందవ్వా," అన్నాడు నక్క.

నీతి: తెలిసింది చెప్పడం తప్పు, పండించి చూపడం నేరం. సరే, ఆ మిగిలిన పిల్లకి ఈ ఏడు కూడెవరు పెడతారు, విచారణ సంఘమా, మీరా?