వంటింట్లో మెట్లు, కంప్యూటర్లో దొంగ

ఆ రోజు ఉదయం ఇంజినీరు వేసుకున్న పథకం చాలా చిన్నది. కంప్యూటర్ తెరవాలి, పెద్దమ్మ కట్టుకోబోయే ఇంటి ప్లాన్‌లో చివరి దిద్దుబాటు చెయ్యాలి, పంపాలి, ఆ తర్వాత తీరిగ్గా స్నానం. ఉద్యోగం మానేసి సొంతంగా బోర్డు పెట్టుకున్నాక చేతికొచ్చిన మొదటి ఇల్లు అది. మధ్యాహ్నంలోగా ప్లాన్ అందకపోతే పని వేరేవాళ్ళకి ఇచ్చేస్తానని పెద్దమ్మ కొడుకు ముందే చెప్పేశాడు. స్థలంలో మేస్త్రీ ముగ్గు పోయడానికి సున్నం పట్టుకుని కూర్చున్నాడు.

కంప్యూటర్ తెరుచుకుంది గానీ కదల్లేదు. గోడను ఇటు జరపమంటే కాసేపు ఆలోచించి అటు జరిపింది. లోపల ఏమేం నడుస్తున్నాయో చూపించే పట్టిక తెరిచాడు ఇంజినీరు. అన్నిటికంటే పైన, నోరు తిరగని పేరుతో ఏదో ప్రోగ్రాం తిష్ఠ వేసుకుని ఉంది. మెమరీలో మూడొంతులు అదే తినేస్తోంది. తెర మీద మాత్రం దాని జాడే లేదు. ఎవరూ పిలవలేదు, వచ్చింది. ఎవరూ వడ్డించలేదు, తింటోంది.

ఇలాంటప్పుడు ఆ ఇంట్లో బావమరిదిని పిలుస్తారు. ఏ పనైనా "చిటికెలో చేసేస్తా" అంటాడు కాబట్టి అతనికి చిటికె అన్న పేరు స్థిరపడిపోయింది. పక్క వీధిలోనే ఉంటాడు గనక రావడం మాత్రం నిజంగానే చిటికెలో వస్తాడు.

"ఇదేమన్నా బ్రహ్మవిద్యా బావా? నువ్వు లే," అని కుర్చీలో కూర్చుని ఆ ప్రోగ్రాంని ఆపేశాడు. పై వరస ఖాళీ అయింది. ఇద్దరూ ఊపిరి పీల్చుకున్నారు. వదిలేలోపు అది మళ్ళీ వచ్చి అక్కడే కూర్చుంది. మళ్ళీ ఆపాడు. మళ్ళీ వచ్చింది.

"వైరస్ బావా. చూస్తుంటే బాగా ముదిరినట్టుంది. పాప ఆటలతో వచ్చుంటుంది," అని ఆటలన్నీ తీసేశాడు చిటికె.

కాసేపటికి పాప వచ్చి తెర చూసి గొల్లుమంది. "నా కుక్కపిల్ల ఏదీ? రోజూ నేనే దానికి అన్నం పెడుతున్నాను!"

ఆ ఏడుపు విని ఇంజినీరు భార్య పరుగెత్తుకొచ్చింది. కూతుర్ని ఎత్తుకుంటూ తెర వైపు చూసింది. ఆటల పక్కనే ఉండాల్సిన తన కుట్టు డిజైన్లు కూడా లేవు.

"ఒరేయ్, నా డిజైన్లు ఏవిరా?"

"ఆగక్కా, ఇక్కడ పెద్ద యుద్ధం జరుగుతోంది."

"ఆర్డరిచ్చినావిడ సాయంత్రం వస్తుంది. ఆవిడకి నిన్ను చూపిస్తాను, అప్పుడు తెలుస్తుంది యుద్ధమంటే!"

అక్క చూపు తట్టుకోలేక చిటికె ఇంటర్నెట్ వైరు పీకేశాడు. మెమరీ ఒక్కసారిగా ఖాళీ అయింది. వైరు మళ్ళీ పెట్టాడు. ప్రోగ్రాం ఎగిరి పై వరసలో కూర్చుంది. చిటికె మొహంలో రంగు మారింది.

"దొంగ లోపల లేడు బావా. బయట నుంచి వస్తున్నాడు."

తెర పైన ఉన్న కెమెరా మీద చేతిరుమాలు వేలాడుతోంది. దుమ్ము పడకుండా ఇంజినీరు వాళ్ళమ్మ కప్పిందని అందరూ అనుకున్నారు. చిటికె దాన్ని ఎత్తి చూశాడు. పచ్చ దీపం వెలుగుతోంది.

"మనల్ని ఎవరో చూస్తున్నారు!"

తాను బనీనులో, తువ్వాలుతో ఉన్నానని ఇంజినీరుకు అప్పుడే గుర్తొచ్చి బల్ల కిందికి దూరాడు. భార్య కూతుర్ని లాక్కుని కర్టెన్ వెనక నిలబడింది. చిటికె రుమాలును గబగబా మళ్ళీ కప్పేశాడు.

"నీకు శత్రువులెవరన్నా ఉన్నారా బావా?"

"నాకెవరుంటార్రా? నా ప్రాణం తీస్తున్నది పెద్దమ్మ ఒక్కతే!" బల్ల కింద ఉన్న ధైర్యం వేరు. ఇన్నాళ్ళూ మింగినదంతా అక్కడి నుంచి బయటికొచ్చింది. "వంటింట్లోంచి మేడ మెట్లట! పైకెవరు వెళ్తున్నారో పొయ్యి దగ్గర నుంచే కనపడాలట! రేపు ఆ ఇల్లు చూసి నాకు ఇంకో పని ఎవడిస్తాడు? గీస్తున్నంతసేపూ ఏడుపొస్తోంది నాకు."

"ఆ ముక్క ఆవిడతోనే చెప్పొచ్చుగా?" అంది కర్టెన్.

"పెద్దమ్మకి ఎదురు చెప్పి బతికి బట్టకట్టినవాళ్ళున్నారా?"

"ఉష్! దొంగ ఊపిరి వినపడుతుందేమో చూద్దాం," అంటూ చిటికె స్పీకర్ సౌండు పెంచాడు. పనికి అడ్డమని దాన్ని ఇంజినీరే మొన్న పూర్తిగా తగ్గించేశాడు.

"మెట్ల దాకా విన్నాను నాన్నా. తర్వాతది సరిగ్గా వినపళ్ళేదు. ఇంకోసారి చెప్పు," అంది కంప్యూటర్, అచ్చం పెద్దమ్మ గొంతుతో.

చేతులు తుడుచుకుంటూ అమ్మ వంటింట్లోంచి వచ్చింది. "అక్కా! ఇంకా ఉన్నావా?"

"ఉండనా మరి? నువ్వు కాల్ పెట్టెయ్యలేదుగా."

"పెద్దదానివి, నీకంటే ముందు నేనెలా పెట్టేస్తానక్కా?"

"చిన్నదానివి, నీ మొహాన నేనెలా పెట్టేస్తానే?"

మొన్న మొదలైన వీడియో కాల్ అది. అక్క మొహాన కట్ చెయ్యడం మర్యాద కాదని అమ్మ దాన్ని తెర కిందికి నొక్కేసి, బనీను కొడుకు అక్క కంట పడకుండా రుమాలు కప్పింది. ఆగిపోతే తనంతట తానే లేచేలా, కాల్ వస్తే తనే ఎత్తేలా ఆ ప్రోగ్రాంని అమ్మ కోసం సర్దిపెట్టింది సాక్షాత్తూ ఇంజినీరే. చిటికె ఆపినప్పుడల్లా, లైను బాగాలేదనుకుని పెద్దమ్మ మళ్ళీ చేస్తూ వచ్చింది.

ఇంజినీరు బల్ల కింద నుంచి లేచాడు. మొదటి ఇల్లు చేజారిపోయిందని తేలిపోయింది.

"పెద్దమ్మా, నేను... అంటే..."

"ఆ మెట్లు నేనెప్పుడడిగానురా? నీకే అలా ఇష్టమని మీ అమ్మ చెప్పింది. నాకూ నచ్చలేదు. పిల్లాడి మొదటి పని, కాదంటే చిన్నబుచ్చుకుంటాడని నోరు మూసుకున్నాను."

"నువ్వే అడిగావని నాతో చెప్పింది!"

అందరూ అమ్మ వైపు తిరిగారు.

"పాలు పొంగుతున్నట్టున్నాయి," అంటూ అమ్మ వంటింటి వైపు నడిచి, గుమ్మంలో ఆగింది. "వంట చేసుకుంటూనే ఇంట్లో అందర్నీ చూసుకోవచ్చు కదా అనుకున్నాను. మనకెలాగూ మేడ లేదు. అక్క ఇంట్లోనైనా చూద్దామని."

ముందు తేరుకున్నది పెద్దమ్మే. "నువ్వొచ్చినప్పుడు కుర్చీ మెట్ల కింద వేయిస్తాలేవే. ఒరేయ్, మెట్లు బయటికి తీసెయ్. మావాడితో నేను చెప్తాను, పని నీదే." ఇంజినీరు తువ్వాలు బిగించి కుర్చీలో కూర్చున్నాడు.

కానీ మధ్యాహ్నం దగ్గరపడుతోంది, కంప్యూటర్ ఇంకా ఈడుస్తూనే ఉంది. "ఉంటాను మరి," అంది పెద్దమ్మ. ఉంది. "ఉంటానక్కా," అంది అమ్మ. ఆవిడా ఉంది.

ఇంజినీరు గుండె చిక్కబట్టుకున్నాడు. "పెద్దమ్మా, నేనే పెట్టేస్తున్నాను!" అని నిజంగానే పెట్టేశాడు. కర్టెన్ వెనక నుంచి భార్య "అయ్యో" అంది. కంప్యూటర్ లేడిపిల్లలా లేచింది. అటు పెద్దమ్మ మళ్ళీ కాల్ చెయ్యడానికి కళ్ళజోడు వెతుక్కునేంతలో ఇటు మెట్లు వంటింట్లోంచి బయటికి జరిగాయి, ప్లాన్ వెళ్ళిపోయింది.

అప్పుడు పట్టికలో పై వరస మళ్ళీ నిండింది.

"లైను బాగాలేదు నాన్నా, నువ్వేదో చెప్తుండగానే కట్టయిపోయింది."