నా కారు బరువు తగ్గించిన విధానం

దారి మధ్యలో ఆగిపోని కారును నేను కారు కింద లెక్కే వెయ్యను. ఎక్కిన చోటి నుంచి దిగాల్సిన చోటికి తిన్నగా తీసుకుపోవడానికి ఆర్టీసీ బస్సు ఉంది కదా! దానికి సొంత కారెందుకు?

శ్రీకాకుళంలో నాకో చిన్న హైబ్రిడ్ కారుంది. సెకండ్ హ్యాండ్‌ది. పెట్రోలు ఇంజనుకు తోడు చిన్న బ్యాటరీ, ఓ మోటారు. చాలా తేలికైన బండి. దాని ముందు సీట్లో నా పక్కన దర్జాగా కూర్చుని పుట్టిల్లు విజయనగరం వెళ్లాలనీ, అమ్మవారి సిరిమాను ఉత్సవం చూడాలనీ మా ఆవిడ రాజకుమారి కోరిక. కారు కొన్న రోజే మాటిచ్చాను. కానీ తెలివైనవాడు బండిని ఉన్నదున్నట్టు నడపగలడా? నా ఖర్మ కొద్దీ నేను తెలివైనవాణ్ణి.

"కరెంటు బండి సేసేద్దాం బావా! పెట్రోలు బంకు మొకం సూడక్కర్నేదు" అన్నాడు రాజకుమారి తమ్ముడు యుగంధర్. అతనికి ఆటోల బ్యాటరీలు మార్చే షెడ్డుంది. నాకు యూట్యూబుంది. ఇంకేం కావాలి?

వెనక సీటు పీకేసి, అక్కడ పెద్ద బ్యాటరీ పెట్టెను కూర్చోబెట్టాం. వంటింటి కిటికీలోంచి వైరు లాగి ఛార్జింగ్ పెట్టాం. ఆ సమయంలో మిక్సీ వేస్తే ఇంట్లో ఫ్యూజు ఎగిరిపోతుంది. కాబట్టి మా ఇంట్లో ఇప్పుడు రోజూ రోటి పచ్చడే! ఎంత ఆరోగ్యం! ఎంత రుచి! రుబ్బేది నేను కాదు కాబట్టి ఇంత ధైర్యంగా రాస్తున్నాను.

అయితే ఆ పెట్టెతో బండి బరువెక్కిపోయింది. తేలికైన బండి అన్న పేరు కాస్తా పోతే ఇక మిగిలేదేమిటి? స్టెప్నీ తీసేశాను. ఏసీ తీసేశాను. పాటలు పాడేదీ, కాళ్ల కింద పరిచేదీ తీసేశాను. పెట్రోలుకు మాత్రం బరువుండదా అని ట్యాంకు మొత్తం తోడించేశాను. దిష్టికి కట్టిన నిమ్మకాయా, మిరపకాయలూ విప్పుతుంటే రాజకుమారి గుమ్మంలో నిలబడి చూసింది.

"నిమ్మకాయ కూడా బరువేటి బావా?" అంది. మేనమామ కూతురు కదా, పెళ్లయినా పిలుపు మారలేదు.

"గ్రాము గ్రామే" అన్నాను గంభీరంగా.

మా వైపు ఆడపిల్లను పుట్టింటి నుంచి ఒట్టి చేతులతో పంపరు. గుమ్మడికాయ, కందిపప్పు, బెల్లం, డిక్కీ మూతపడనంత సర్దుతారు. అందుకే ముందుగానే మా అత్త సుభద్రమ్మకు ఫోన్ చేసి, ఈసారి ఏమీ పెట్టొద్దని చెప్పాను. బండి మోయదన్నాను.

"మొయ్యనప్పుడు అది బండేటి నాయనా?" అంది. పెద్దవాళ్లకు టెక్నాలజీ అర్థం కాదని సరిపెట్టుకున్నాను.

ఉత్సవం రోజు పొద్దున్నే రాజకుమారి పట్టుచీర కట్టుకుని, తల్లో పూలు పెట్టుకుని వచ్చి కారు తలుపు తీసింది. ముందు సీటు లేదు. ముందురోజు సాయంత్రమే యుగంధరూ నేనూ దాన్ని విప్పి వరండాలో పడేశాం. ఆ సీటు ఎంత బరువో మీకేం తెలుసు? అందులో ఎవరు కూర్చుంటారన్న సంగతి మాత్రం ఆ ఉత్సాహంలో తట్టలేదు.

"మరి నానెక్కడ కూకోవాల?" అంది.

బ్యాటరీ పెట్టె మీద దుప్పటి మడిచి వేస్తానన్నాను. తను నేరుగా ఆర్టీసీ కాంప్లెక్సుకు నడిచి వెళ్లి బస్సెక్కింది. ఆడవాళ్లకు బస్సు ఉచితం. అంటే పెట్రోలు ఖర్చు లేని ప్రయాణం మా ఇంట్లో మొదట చేసింది ఆవిడే!

నేను ఒంటరిగా బయల్దేరాను. ఎచ్చెర్ల దాటేదాకా బండి గాల్లో తేలింది. రణస్థలంలో ఆగిపోయింది. అక్కడున్న అసిరయ్య టిఫిన్ హోటలు దాకా ఒక్కణ్ణే తోసుకెళ్లాను. చూశారా, బరువు తగ్గించడం ఎంత మంచిదైంది! అసిరయ్య తన గ్రైండరు ప్లగ్గు తీసి నాకిచ్చాడు.

"బేగి కానీ బాబూ, పప్పు నానిపోతన్నాది" అన్నాడు.

ఆ పూట నేను అసిరయ్య మోకాలి నొప్పి పుట్టుపూర్వోత్తరాలన్నీ తెలుసుకున్నాను. ఏ పెట్రోలు బంకులో దొరుకుతుందండీ ఇంత ఆత్మీయత? ఇలా ఊరూరా బంధుత్వాలు కలుపుకుంటూ నేను విజయనగరం చేరేసరికి సిరిమాను తిరగడం అయిపోయి, జనం ఇళ్లకు మళ్లుతున్నారు. మా అత్త ఇచ్చిన సంచులన్నీ పట్టుకుని రాజకుమారి తిరుగు బస్సెక్కుతోంది. బస్సు అన్నీ మోసింది. గుమ్మడికాయను కూడా.

మర్నాడు సాయంత్రం వరండాలోకి వచ్చి చూద్దును కదా, విప్పేసిన ముందు సీట్లో రాజకుమారి కూర్చుని ఉంది. అదే పట్టుచీర. ఎదురుగా గేటు దగ్గర కారు, దానికి వైరు.

"ముందు సీట్లో కూకోబెడతానన్నావు కదా బావా. కూకున్నాను. ఇంక నడుపు" అంది.

నవ్వుతూనే అంది. నాకు మాత్రం సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. ఒక్క మనిషిని ఎక్కించుకోవడానికి కొన్న బండిలోంచి సరిగ్గా ఆ మనిషినే దించేశాను.

కనుక పాఠకులారా, చిన్న సాయం. ఆ సీటు బిగించే బోల్టులు మీ దగ్గరేమైనా ఉంటే చెప్పండి. మావి బరువని పారేశాం.