చిన్నమ్మలు కాలికి మూడు షిఫ్టులు

ఆ సోమవారం పొద్దున ఇమ్మాను వేసుకున్న పథకం చాలా చిన్నది. గుర్రాన్ని పది నిమిషాలు నడిపించాలి, నాలుగు చెంబులు పోసుకోవాలి, టిఫిన్ డబ్బా పట్టుకుని ఫస్ట్ షిఫ్టుకు పోవాలి. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఇంకా కొత్తగా ఉన్న ఆ రోజుల్లో, భిలాయి ఖుర్సీపార్‌లో గుర్రమున్న స్టీలు ప్లాంటు ఉద్యోగి అతనొక్కడే. మిగతావాళ్ళు స్కూటర్లతో సరిపెట్టుకున్నారు.

గుర్రం పేరు చిన్నమ్మలు. ఒకప్పుడు హైదరాబాదులో పందేలకు పరిగెత్తి, వయసు మళ్ళాక పెళ్ళి ఊరేగింపుల్లోకి దిగింది. కిందటి సీజన్‌లో మగపెళ్ళివారు ఉత్సాహం ఆపుకోలేక దాని కాళ్ళ దగ్గరే టపాకాయలు పేల్చారు. అది ఎగిరిపడి, ముందరి కాలి వెనక నరం చిట్లించుకుంది. అప్పట్నుంచి దానికి తినడం తప్ప వేరే ఉద్యోగం లేదు. ఇమ్మాను భార్య లూసీ ఓర్పు గల మనిషే గానీ, ఓర్పుకు కూడా గడువు పెట్టే మనిషి. క్రిస్మస్ నాటికి కుంటు పోకపోతే పక్క ఊరు దుర్గ్‌లోని పశువుల బేరగాడికి తోలేస్తానని చెప్పేసింది.

నెహ్రూ నగర్‌లో ఉండే పశువుల డాక్టరు కౌండిన్య ఓ రేసుకోర్సు ఆసుపత్రిలో కొత్త వైద్యం నేర్చుకొచ్చాడు. చిన్నమ్మలు మెడలోంచి రక్తం తీశాడు. గిర్రున తిప్పే యంత్రంలో పెట్టి, గాయం మాన్పే గుణమున్న భాగాన్ని వేరు చేశాడు. స్కానింగు తెర మీద చూస్తూ, నరం చిట్లిన చోటికే దాన్ని సూదితో ఎక్కించాడు. దాని రక్తమే దానికి మందు. తెగిన పోగుల స్థానంలో కొత్తవి పుడతాయని, అవి లేతవి కాబట్టి ఇప్పట్లో రోజుకు పది నిమిషాలే నెమ్మదిగా నడిపించాలని, మించితే మొదటికే మోసమని చెప్పి వెళ్ళాడు.

ఆ సోమవారం ఇమ్మాను ఆ ప్రకారమే నడిపించాడు. మధ్యాహ్నం షిఫ్టు మారేటప్పుడు, సంతోషం పట్టలేక ఆ ముక్క డ్యూటీ ఎక్కుతున్న బామ్మర్ది జార్జితో అన్నాడు. అనకుండా ఉండాల్సింది. ప్లాంటులో డ్యూటీ దిగేవాడు ఎంత పని చేశాడో చెబుతాడు, ఎక్కేవాడు అంతకంటే ఒక పిసరు ఎక్కువ చేసి చూపిస్తాడు. జార్జి దాన్ని తన వాటా పని అప్పగింతగా తీసుకున్నాడు. మర్నాడు డ్యూటీకి రాగానే తానూ ఇరవై నిమిషాలు తిప్పానని బావకు చెప్పాడు. అదే సంగతి రాత్రి నైట్ షిఫ్టుకొచ్చిన పక్కింటి పోలయ్య చెవిన వేశాడు. పోలయ్య మర్నాడు పగలు తాను ముప్పై తిప్పానని, ఆపై తెల్లారి షిఫ్టు దిగుతూ ఇమ్మానుకు అప్పజెప్పాడు.

ఇంతంత తిప్పితే మొదటికే మోసమని ఇమ్మానుకు తెలుసు. వద్దని చెప్పాలనే అనుకున్నాడు. కానీ చూస్తే గుర్రం నిన్నటికంటే హుషారుగా ఉంది. డాక్టరు ఇచ్చింది షెడ్యూలు. ప్లాంటులో షెడ్యూలు కంటే ముందు పని ముగించినవాడికే కదా పేరు. పైగా క్రిస్మస్ తరుముకొస్తోంది. కాబట్టి నోరు మూసుకున్నాడు. వారం తిరిగేసరికి జార్జి లెక్క ముప్పావుగంట, పోలయ్య లెక్క గంట అయ్యాయి.

గుర్రం సొంతదారు వెనకబడితే పరువేముంటుంది? ఇమ్మాను డ్యూటీ దిగి సాయంత్రం మరో విడత మొదలుపెట్టాడు. అలా సాయంత్రాలు తాడు పట్టుకుని రొప్పుకుంటూ పరిగెత్తే ఇమ్మానును బస్తీ అంతా చూసింది. మనిషే అంత పరిగెడితే గుర్రం ఇంకెంత పరిగెడుతోందో అనుకుంది. కబురు నెహ్రూ నగర్ చేరేసరికి చిన్నమ్మలు భిలాయి-3 స్టేషను దాకా దౌడు తీసి, లోకల్ రైలును దాటేసింది.

కౌండిన్య తింటున్న కంచం వదిలేసి, స్కానింగు మిషను పట్టుకుని వచ్చిపడ్డాడు. ఆదివారం, చర్చి అయి అందరూ ఇళ్ళలోనే ఉన్నారు; జార్జి, పోలయ్య కూడా పాక దగ్గర చేరారు. అతని మొహం చూడగానే లూసీ లోపలికి పోయి, బేరగాడి నంబరున్న సెల్‌ఫోను తెచ్చుకుంది. డాక్టరు చాలాసేపు తెరవైపు చూశాడు.

"నరం చక్కగా కుదురుతోంది. పోగులన్నీ వరసలో పడుతున్నాయి," అన్నాడు కౌండిన్య, తనకే నమ్మకం లేనట్టు. "ఎవరు ఎంతసేపు నడిపించారో నిజం చెప్పండి."

 ముందుగా పోలయ్య బయటపడ్డాడు.

"నాకాడ అది గుమ్మం కూడా దాటనేదు బాబూ. జార్జి ఇరవై అన్నాడని నాను ముప్పై అన్నాను."

జార్జి తల గోక్కుంటూ తన దగ్గరా అంతేనని, బావకు నడిచిన గుర్రం తనకు నడవలేదంటే ఇజ్జత్ పోతుందని ఇరవై అనేశానని చెప్పాడు. పొద్దున ఇమ్మానుతో పది నిమిషాలు నడిచి వచ్చాక చిన్నమ్మలు ఇంకెవరికీ అడుగు కదపలేదు. మరి పరుగుల సంగతేమిటంటే, ఇమ్మాను నేల చూపులు చూశాడు. దాని ముందు బెల్లం ముక్క ఊపుతూ తానే పరిగెత్తి చూపించేవాడు. వెనక్కి తిరిగి చూస్తే అది పాకలోనే నిలబడి ఉండేది.

ఏదేమైనా ఒకసారి నడక చూస్తానన్నాడు డాక్టరు. ఇమ్మాను తాడు పట్టుకుని వీధిలో నడిపించాడు. కౌండిన్య గొంతుకూర్చుని కాళ్ళకేసి చూసి, నుదురు చిట్లించాడు.

"ఎక్కడో కుంటు కనబడుతోంది."

ఇమ్మాను వంగి గుర్రం కాలు తడిమాడు.

"గుర్రం కాదు బాబూ," అంది లూసీ. "పక్కన తాడు పట్టుకున్నాయన."

కూర్చోబెట్టి చూస్తే ఇమ్మాను మడమ వెనక నరం వాచిపోయి ఉంది. నొప్పి అని చెబితే షిఫ్టుల లెక్కలో ఓడిపోతానని దాచుకున్నాడట. లూసీ సెల్‌ఫోను కొంగుకు ముడేసుకుని, గుర్రం మెడ నిమిరింది. ఇంట్లో చెప్పిన మాట వినేది ఇదొక్కటేనని, దీన్ని ఎక్కడికీ పంపేది లేదని అంది. ఇమ్మానుకు కాలి నొప్పో, సంతోషమో, కళ్ళు చెమ్మగిల్లాయి.

"ఆ సూదిమందు ఈయనకి పనికొస్తాదేటి, డాక్టరు బాబూ?" అని అడిగింది లూసీ.

మనుషులకూ చేస్తారుగానీ తాను చేయకూడదని, మనుషుల డాక్టరుకు చూపించమని, అంతవరకు ఇతన్ని కూడా ఎక్కువ నడవనివ్వొద్దని కౌండిన్య చెప్పాడు. జార్జి వెంటనే బావను పొద్దున తాను నడిపిస్తానన్నాడు. సాయంత్రం సంగతి తనకు వదిలేయమన్నాడు పోలయ్య. లూసీ ఇద్దరినీ గేటు బయటికి పంపింది.

మరుసటి ఏడాది పెళ్ళిళ్ళ రోజులకు చిన్నమ్మలు కాలు పూర్తిగా కుదిరింది. ఇమ్మాను కాలు కుదరలేదు. ఆగమన్న చోట ఆగే బుద్ధి గుర్రానికున్నంత అతనికి లేదు. నెహ్రూ నగర్‌లో జరిగిన మొదటి ఊరేగింపులో కళ్ళెం పట్టుకుని లూసీ ముందు నడిచింది. ఇమ్మాను అందరికన్నా వెనక, లైట్ల జనరేటరు మోసే రిక్షా మీద కూర్చుని వచ్చాడు.