పులిగారి దర్శనం డ్యూటీ

ఒక పెద్ద అడవిలో, రెండు కొండల నడుమ, చల్లని లోయ ఒకటి ఉండేది. చూడచక్కని చోటే కానీ, చూడ్డానికి వచ్చినవాళ్లు తిరిగి వెళ్లడం తక్కువ. కారణం, అక్కడ గాండ్రప్ప అనే పులి కాపురం ఉండేది.

గాండ్రప్పకి వయసు మీదపడింది. కుందేళ్లు కూడా దాన్ని చూసి తాపీగా పరిగెత్తేవి. కడుపు వీపుకి అంటుకుపోతున్న ఆ రోజుల్లో నరహరి అనే నక్క వచ్చింది. లోయలో కుటుంబ విహార కేంద్రం పెడుతున్నానని, తమరు ఊరికే బండ మీద కూర్చుంటే చాలని, దుప్పులూ జింకలూ వాటంతట అవే నడిచి వస్తాయని చెప్పింది. పులికి నోరూరింది. మారు మాట అడక్కుండా ఒప్పందం మీద పంజా ముద్ర వేసేసింది.

నక్క మాట తప్పలేదు. మర్నాటి నుంచే జంతువులు జాతరకి వచ్చినట్టు వచ్చాయి. గేటు దగ్గర కనకమ్మ అనే ముళ్లపంది దోసెడు ఇప్పపూలు పుచ్చుకుని టికెట్టు ఇచ్చేది. టికెట్టు కొన్నవాళ్లు అతిథులు, అతిథుల్ని తినకూడదు అన్నది నిబంధన. ఆ సంగతి పులికి ముద్ర వేశాక తెలిసింది.

"మరి నేనేం తినాలి?"

"అతిథి కానివాళ్లని ఎవర్నైనా తినండి. మేం కాదనం" అంది నక్క.

అతిథి కానివాళ్లు మిగిలితే కదా. ప్రాణానికి ఇంతకంటే చవకైన రక్షణ లేదని చీమతో సహా అన్నీ టికెట్లు కొనేశాయి. పక్క అడవి జింకలు కాపురాలే ఇక్కడికి మార్చేశాయి.

ఓ దుప్పి పెళ్లాం పిల్లలతో వచ్చి, సరిగ్గా పులి ముక్కు ముందే చాప పరిచి క్యారేజీ విప్పింది. ఆడదుప్పికి పులిని చూసి జాలేసింది. "పాపం, చిక్కిపోయారండీ. ఇక్కడ వేళకి పెడుతున్నట్టు లేదు" అని కాస్త పచ్చగడ్డి ముందుకు తోసింది.

పులి ఎంత ఆకలేసినా గడ్డి తినదంటారు. ఆ అన్నవాడెవడో విహార కేంద్రంలో పనిచేసి ఉండడు. గాండ్రప్ప కళ్లు మూసుకుని నాలుగు పోచలు నమిలింది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. లోయంతా చప్పట్లు.

తెల్లారేసరికి గేటు మీద బోర్డు వెలిసింది: గడ్డి తినే పులి, రోజూ రెండు ఆటలు, పిల్లలకు ముందు వరస.

మధ్యాహ్నం నక్క ఇప్పపూలు బొక్కుతూ, మత్తుగా తూలుతూ వచ్చింది. గడ్డి నమిలేటప్పుడు కాస్త నవ్వాలని, పిల్లలు జడుసుకుంటున్నారని సలహా ఇచ్చింది.

పులి దాని బలిసిన ఒంటి వంక చాలాసేపు చూసింది. "అవునుగానీ నరహరీ, నీ టికెట్టేదీ?"

"నాకెందుకండీ టికెట్టు? నేను మేనేజర్ని" అంటూ నవ్విన నక్క, ఆ నవ్వు సగంలోనే మింగేసింది.

తోక కాళ్ల సందున పెట్టుకుని గేటు కేసి పరుగు తీసింది. మత్తులో కాళ్లు ఒకదానికొకటి అడ్డం పడ్డాయి. ఎలాగో టికెట్ల కిటికీ అందుకుని, తల్లీ ఒక్క టికెట్టు ఇయ్యమని కనకమ్మని బతిమాలుకుంది.

"భోజన విరామం కదండీ" అంది కనకమ్మ దుంప నములుతూ. "ఈ వేళప్పుడు సాక్షాత్తూ మేనేజరొచ్చి అడిగినా ఇవ్వొద్దని తమరే చెప్పారు." కిటికీ మూసేసింది.

గాండ్రప్ప కూడా భోజనానికి కూర్చుంది. అతిథులు అదీ ఒక ఆటే అనుకుని చప్పట్లు కొట్టారు.

నీతి: అతిథి దేవుడితో సమానమే, నైవేద్యం మాత్రం సిబ్బందిలోంచే వస్తుంది.