పందొమ్మిది ఇళ్ళూ ఒక ఫిల్టరు మూతా

ఆ ఉదయం మెకానిక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పెందరాళే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, షాపుకెళ్ళి పర్మనెంటు ఉద్యోగం ఉత్తర్వు అందుకోవడం. వాషింగ్ మెషిన్లు బాగుచేసే ఆ షాపులో ఆరేళ్ళుగా అతను రోజుకూలీయే. భార్యకు ఏడో నెల. బిడ్డకంటే ముందు ఆ కాగితం ఇంటికి రావాలని ఇద్దరూ ఎదురుచూస్తున్నారు. "టైపు అయిందయ్యా, ఇంట్లో సంతకం పెట్టి రేపు తెస్తా" అని యజమాని నిన్ననే చెప్పాడు.

అలాంటి రోజున మనిషి నోరు మూసుకుని టిఫిన్ తినాలి. ఇతగాడు తినలేదు. మరదలు ఫోన్ చేసింది.

"బావా, మా మెషిన్లో నీళ్ళు పోవట్లేదు. మీ షాపు నుంచి ఎవర్నైనా పంపుతావా?"

"ఎవరూ అక్కర్లేదు. లోపలి మాట చెప్తా విను. పదింట ఎనిమిది మెషిన్లకి అసలు జబ్బే ఉండదు. కింద మూలన చిన్న మూత ఉంటుంది. తిప్పి తీస్తే ఫిల్టరు. అందులో సాక్సో బొత్తామో ఇరుక్కుని ఉంటుంది, లాగి పారేయ్. మేమొచ్చినా చేసేది అదే."

"ఇంతేనా? ఆగు బావా, ఇదంతా వాయిస్ మెసేజ్ పెట్టు. నాకు గుర్తుండదు."

పెట్టాడు. మరదలు దాన్ని తమ అపార్ట్‌మెంటు గ్రూపులోకి తోసింది, 'మెకానిక్కులు దాచే రహస్యం' అని పైన పేరు తగిలించి మరీ.

మూత తీసే ముందు పక్కనున్న సన్నగొట్టంలోంచి నీళ్ళన్నీ బకెట్లోకి వదలాలి. రోజూ చేసే పని కనుక ఆ సంగతి చెప్పాలని అతనికి తోచనే లేదు. ముద్ద నోట్లో పెట్టుకున్నాక మింగాలని ఎవరైనా చెప్తారా?

పావుగంటలో మరదలు మళ్ళీ ఫోన్ చేసింది. "బావా, మూత తీశాను."

"ఏం దొరికింది?"

"సముద్రం."

మెకానిక్ కంగారులో 'ఆ మూత వెంటనే పెట్టేయండి' అని ఇంకో మెసేజ్ పంపాడు. అదీ గ్రూపులోకే వెళ్ళింది. అప్పటిదాకా బుద్ధిగా కూర్చున్నవాళ్ళు కూడా ఇంతకీ ఏ మూతో చూద్దామని తీశారు.

అతను వెళ్ళేసరికి షాపులో ఫోన్ మోగుతూనే ఉంది. ఫోన్లు చూసే అమ్మాయి చీటీ మీద గీతలు పెట్టుకుంటోంది. "అన్నా, పందొమ్మిది ఇళ్ళు మునిగాయి. ఎవరో రహస్యం చెప్పారట, నాకూ వినిపించారు." ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. "గొంతు బాగుందిలే."

అంతలో యజమాని వచ్చాడు. ప్యాంటు నడుందాకా తడిసి ఉంది.

"మీ ఇంట్లో కూడానా అండీ?" అన్నాడు మెకానిక్.

"ఎవరో ఆ మెసేజ్ మా అమ్మకీ పంపారు, నాకు వినిపించింది. ముప్పై ఏళ్ళుగా ఇదే వ్యాపారం చేస్తున్నావు, ఈ మాత్రం చేతకాదా అంది. చేశాను."

మెకానిక్ దాచలేదు. "ఆ గొంతు నాదేనండి, తప్పూ నాదే. అన్ని ఇళ్ళకీ నేనే వెళ్ళి తుడిచొస్తాను. తర్వాత మీ ఇష్టం." భార్యకు ఏం చెప్పాలో తోచక అతని కళ్ళు చెమ్మగిల్లాయి.

ఫోన్ పెట్టేసి అమ్మాయి అడ్డొచ్చింది. "సార్, ఒకరిద్దరు తప్ప ఎవరూ తిట్టట్లేదు. ఒకావిడకి రెండేళ్ళ కిందట పోయిన చెవిదిద్దు ఫిల్టర్లో దొరికిందట. అందరూ నిజం చెప్పిన ఆ మనిషినే పంపమంటున్నారు."

యజమాని ప్యాంటు అంచులు పిండుకున్నాడు. "ఇన్నేళ్ళు కరపత్రాలు పంచాను, ఒక్కడూ మన మాట నమ్మలేదు. నీ మాట నమ్మి పందొమ్మిది కొంపలు మునిగాయి. ముందు వెళ్ళి ఆ ఇళ్ళు తుడువు. వచ్చే వారం నుంచి ఇలాంటి సలహాలు షాపు తరఫునే చెబుదువుగాని. కాకపోతే ముందు, మెషిన్ గురించి ఏమీ తెలియని మనిషికి ఒకసారి వినిపించాలి."

"ఎవరికండీ?"

"నాకు."

ఉత్తర్వు ఆయన ప్యాంటు జేబులోనే ఉండి తడిసిపోవడంతో, ఆరాక సాయంత్రం ఇచ్చాడు.