ఏడో బావి గొంతులో రాయి

ఉత్తర సముద్రంలోని మా చమురు వేదిక మీద భద్రతకు ఏ లోటూ లేదని ఇందుమూలముగా తెలియజేయడమైనది. మెట్లెక్కే ప్రతివారూ కమ్మీ పట్టుకోవాలి. టీ కప్పుకు మూత ఉండాలి. మూతలేని కప్పుతో దొరికిపోయిన వంటవాణ్ణి హెలికాప్టర్ ఎక్కించి ఒడ్డునున్న అబెర్డీన్ ఊరికి పంపేశారు.

ఈ క్రమశిక్షణకు కర్త వేదిక అధిపతి ఇన్నెస్ గెడ్డెస్ గారు. వారిదే మరో ఘనకార్యం ఉంది. చమురును పైకి నెట్టడానికి భూమిలోకి సముద్రపు నీరు పంపుతాం. అది లోపలి నీటితో కలిస్తే గొట్టాల్లో రాయిలాంటి పొర కడుతుంది. కట్టకుండా ఏటా బావుల్లోకి మందు దించేవాళ్ళు. గెడ్డెస్ గారు గొట్టాలు పరీక్షింపజేశారు. ఎక్కడా పొర లేదు. లేని రోగానికి మందెందుకని ఆపించేశారు. పైవాళ్ళు మురిసిపోయి ఇత్తడి ఫలకం పంపారు.

ఏడాది తిరక్కుండానే ఏడో బావి గొంతు ముప్పాతిక పూడుకుపోయింది. ప్రమాదం వస్తే గ్యాసును ఆపాల్సిన లోపలి తలుపు కూడా పొర పట్టి బిగుసుకుపోయింది.

"బాస్, తలుపు పడట్లేదు. ఎక్కడైనా నిప్పు రాజుకుంటే అందరం బూడిదే," అంది బావుల ఇంజినీరు మోరాగ్ టఫ్, మెట్ల మీదే ఆయన్ని నిలేసి.

"కంగారు పడకమ్మా. ముందు కమ్మీ పట్టుకో."

"పట్టుకునే ఏడుస్తున్నా! బావి ఆపండి."

ఆపారు. ఆపి, పర్యవేక్షణ నిమిత్తం తమ పరుపును ప్రాణరక్షక పడవ పక్కకు మార్పించుకున్నారు. మిగతా వందమందీ బావుల మీదే పడుకున్నారు.

ఆమ్లం పోశారు. రాయి మొహం కడుక్కుని తళతళలాడింది. చివరికి సన్నటి గొట్టం కొసన మర బిగించి, లోపలికి దించి, నానా తిప్పలూ పడి పొరంతా పిండి చేశారు. తలుపు పడింది. గ్యాసు ఒత్తిడి చూపే గేజి ముల్లు దిగగానే మోరాగ్ అక్కడే కూలబడి కళ్ళు తుడుచుకుంది.

గెడ్డెస్ గారికి రెండో ఫలకం వచ్చింది. అందరినీ పోగేసి, దాన్ని పట్టుకుని ఉపన్యాసమిచ్చారు.

"మిత్రులారా! మన బావి నేడు అద్దం. పొర ఉందా? లేదు. మళ్ళీ మందు తెప్పించమని మోరాగమ్మ గోల పెడుతోంది. దేనికండీ?"

"మహానుభావుడు మళ్ళీ మొదలెట్టాడు," అని మోరాగ్ పళ్ళు కొరికింది.

అందరూ చప్పట్లు కొట్టారు. మెట్ల మీద నిలబడ్డవాళ్ళు మాత్రం కొట్టలేదు. వాళ్ళ చేతులు కమ్మీ మీద ఉన్నాయి.

మీరు నవ్వుతున్నారు. నవ్వండి. జ్వరం తగ్గిన పూటే ఆపేసిన మాత్రలు ఏ అలమరలో పడేశారో, కాస్త ఓపిక చేసుకుని వెతుక్కోండి.