స్టార్ పోయింది, పార్కింగ్ వచ్చింది

మంచి జట్టు ఉన్న ప్రతి కాలేజీకీ నా సలహా ఒకటే. మీ స్టార్ ప్లేయర్‌ని వెంటనే పంపించెయ్యండి! ఆ తర్వాత కలిగే సుఖం ఎలాంటిదో మా కాలేజీని చూసి తెలుసుకోండి.

మాది సికింద్రాబాద్‌లో ఆడపిల్లల డిగ్రీ కాలేజీ. మా బాస్కెట్‌బాల్ జట్టులో భవాని రెండేళ్లు ఆడింది. రెండేళ్లూ కప్పు మాదే. మొన్న జూన్‌లో బెంగళూరు కాలేజీ ఒకటి హాస్టలు, తిండి, బూట్లు ఇస్తామని ఆమెను తీసుకెళ్లిపోయింది. మేమేమిచ్చామని అడుగుతారా? చప్పట్లు కొట్టాం కదా! గేటు దగ్గర ఫ్లెక్సీ కూడా కట్టించాం. అందులో భవాని కన్నా మా ప్రిన్సిపాల్ రామభద్రరావు గారి బొమ్మ పెద్దది. ఆమె వెళ్లినా ఆయన ఇక్కడే ఉన్నారు గనక ఫ్లెక్సీ వృథా కాలేదు.

ఇక లాభాలు చూడండి. బంతి అరగడం లేదు. వాచ్‌మన్ వీరయ్యకు కొత్త కప్పు తుడిచే బాధ తప్పింది. చోటు లేక రోడ్డు మీద ఉంటున్న స్టాఫు కార్లకు బాస్కెట్‌బాల్ కోర్టు దొరికింది. రింగు కింద, బోర్డు నీడ పడే చోటు ప్రిన్సిపాల్ గారిది. ఇంత చక్కగా గీతలు గీసి ఉన్న పార్కింగ్ ఊళ్లో ఇంకెక్కడుంది?

ఆట సంగతి అంటారా? మా పిల్లలకు తెలిసిన వ్యూహం ఒక్కటే. బంతి చేతికి రాగానే కుడి మూలకు విసరాలి. అక్కడ భవాని ఉంటుంది, చూడక్కర్లేదు. జులైలో నేరేడ్‌మెట్ కాలేజీలో మొదటి మ్యాచ్. మా జట్టులో సుకన్య అలవాటు కొద్దీ చూడకుండా కుడి మూలకు విసిరింది. బంతి వెళ్లి కోర్టు గీతకు అవతల కుర్చీ వేసుకుని కూర్చున్న ఆ కాలేజీ లైబ్రేరియన్ ఒళ్లో పడింది. ఆయన మర్యాదగా తిరిగి ఇచ్చాడు. ఐదోసారికి ఆయనే చేతులు చాపి సిద్ధంగా ఉన్నాడు. ఆ రోజు మా పాసులు అందరికంటే ఎక్కువ పట్టింది ఆయనే!

అరవై రెండు, తొమ్మిది. తొమ్మిది మావి. మర్నాటి నుంచి నలుగురు ఆటకు రావడం మానేశారు. సుకన్య ఒక్కతే మిగిలింది.

ప్రిన్సిపాల్ గారు ఆటల మేడమ్ ప్రిసిల్లాను పిలిచారు. వచ్చే నెల పోటీలకు ఐదుగురి పేర్లు వెళ్లకపోతే జట్టు రద్దు, కోర్టు ఎప్పటికీ పార్కింగే అన్నారు. అందుకని ఇంకో భవానిని తయారు చెయ్యమన్నారు.

"భవానిని మనం ఎప్పుడు తయారు చేసినం సార్?" అంది ప్రిసిల్లా మేడమ్. "ఒకరోజు ఫిజిక్స్ సారు ఆ పిల్ల ల్యాబు రికార్డు మీద సంతకం లేటు చేసిండు. మల్కాజ్‌గిరి ట్రైను తప్పింది. ఇంకోటి వచ్చేదాక పొద్దుపోక బంతి పట్టుకుంది. గదే షురూ. మీరు జెర కార్లు తీపియ్యండి, చాలు."

కార్ల సంగతి కమిటీ చూస్తుందన్నారాయన. మేడమ్ మూడు అర్జీలు పెట్టింది. కమిటీలో ఉన్నవాళ్ల కార్లన్నీ కోర్టులోనే ఉన్నాయి గనక విషయం వాళ్ల కళ్లెదుటే ఉంది.

మొన్న మంగళవారం ఫిజిక్స్ సారు సుకన్య రికార్డు నాలుగింటి దాకా చూడలేదు. ఆమెదీ మల్కాజ్‌గిరే. ట్రైను పోయింది. పిల్ల ఏం చేస్తుంది? బంతి తీసుకుంది. రింగు వైపు ఇరవైసార్లు విసిరింది. పదిహేను రింగుకు తగిలి ప్రిన్సిపాల్ గారి కారు మీద పడ్డాయి. ఐదు రింగులోంచి తిన్నగా దిగి కారు మీద పడ్డాయి. ఆట బాగుపడే కొద్దీ దెబ్బ కచ్చితంగా ఒకేచోట తగులుతోందని వీరయ్య గమనించాడు.

బుధవారం పొద్దున ఆ కారు లైబ్రరీ వెనక్కి వెళ్లింది. మధ్యాహ్నానికి మిగతావీ వెళ్లాయి. కమిటీ కూర్చోనే లేదు.

ఫిజిక్స్ సారుకు నా మనవి. మల్కాజ్‌గిరి వైపు వెళ్లే పిల్లల రికార్డులు ఈ నెలంతా తొందరపడి చూడకండి. ఇంకా నలుగురు కావాలి.